గింజ పేరు చెప్పి చక్కెర అమ్ముతున్నారు

చాక్లెట్ తింటే గుండెకు మంచిదట, బీపీ తగ్గుతుందట, మెదడు చురుగ్గా పనిచేస్తుందట. ఆదివారం అనుబంధాల్లో, టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది పొడుగునా ఇదే మాట. రాఖీకీ దీపావళికీ ముందు మరీ ఎక్కువ. చదివినప్పుడు మనకూ సంతోషంగానే ఉంటుంది. ఎందుకంటే ఆ మంచి అంతా ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లే రాస్తారు. కోకో గింజ నుంచి. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌ది. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన ఆ గింజ పండించేది మనం.

అయితే ఒక్క ప్రశ్న. గింజ అంత అమృతమైతే, ఆ గింజ పట్టుకుని మనం కొనుగోలు కేంద్రాల ముందు ఎందుకు నిలబడాల్సి వచ్చింది?

2024 వేసవిలో కిలో ఎండు గింజ వెయ్యి రూపాయలు దాటింది. ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో వానలు తేడా చేసి, వైరస్ తెగులు తగిలి పంట పోవడంతో ప్రపంచమంతా గింజ కోసం వెతుక్కుంది. ఆ రెండు దేశాల్లోనే ప్రపంచ కోకోలో సగానికి పైగా పండుతుంది. 2024 డిసెంబరులో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. 2025 సీజన్ వచ్చేసరికి మన దగ్గర అదే గింజ ఐదొందలకు అటూఇటూ అయింది. అప్పటికి బయట మార్కెట్ ఇంకా ఆ స్థాయికి పడలేదు. మన తోటల్లోనే ముందు పడింది. “గింజలో తేమ ఎక్కువుందండి”, “ఇది సీజన్ గింజ కాదండి”, “పైనుంచి ఆర్డరు రాలేదండి”. ఈ మూడు ముక్కలూ మనందరికీ కంఠతా వచ్చేశాయి. రోడ్డెక్కాం, కలెక్టరేట్ల దగ్గర ధర్నాలు చేశాం. చివరికి కంపెనీలు కిలోకు 450, ప్రభుత్వం తన వంతు 50 రూపాయలు, మొత్తం 500 ఇచ్చేలా నిర్ణయం వచ్చింది. పోరాడకపోతే అదీ రాదు. కానీ కంపెనీ ఇవ్వాల్సిన ధరలో పదో వంతు ప్రజల ఖజానా నుంచి ఎందుకు పోవాలో మాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

ఈ వ్యాసం ధర గురించి మాత్రమే రాయడం లేదు. తినేవాడికి జరిగే మోసం, పండించేవాడికి జరిగే మోసం ఒకే చోట మొదలవుతున్నాయి. కవరు లోపల ఉన్న కోకో ఎంత అన్న దగ్గర.

ముందు ఆరోగ్యం సంగతే చూద్దాం. శాస్త్రవేత్తలు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. పనామా దేశపు దీవుల్లో కూనా అనే గిరిజన తెగ ఉంది. వాళ్లకు వయసు పెరిగినా బీపీ పెరగడం లేదని, అదే తెగవాళ్లు పట్నానికి వలస వెళ్తే పెరుగుతోందని హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హోలెన్‌బర్గ్ బృందం 90ల్లో గమనించింది. దీవుల్లో ఉన్నవాళ్లు రోజూ కోకో కషాయం తాగుతారు కాబట్టి అందులో ఏదో ఉందని చూపు దాని మీద పడింది. గింజలో ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు ఉన్నాయి, అవి రక్తనాళాలు బిగుసుకోకుండా తోడ్పడతాయి అని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ తీసుకుంటే ఆ మేలు ఉంటుందని ఒప్పుకుంది.

ఆ తర్వాత అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్ద వయసువాళ్ల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది. 2022లో ఫలితాలు వచ్చాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఇచ్చినా గుండెపోటు, పక్షవాతం లాంటివి మొత్తంగా తగ్గాయని తేల్చి చెప్పలేకపోయారు. గుండెజబ్బులతో చనిపోయినవాళ్లు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించారు. సరే, ఆశ ఉంది, ఖాయం కాలేదు. కానీ పత్రికల్లో కనపడని ముక్క ఇంకొకటి ఉంది. ఆ 21 వేల మందికి ఇచ్చింది చాక్లెట్ కాదు. కోకో సారం నింపిన గొట్టం మాత్రలు. ఆ పరిశీలన ఖర్చులో భాగం పెట్టింది కూడా ఒక పెద్ద చాక్లెట్ కంపెనీయే. మాత్ర మీద వచ్చిన ఫలితాన్ని తీసుకెళ్లి మిల్క్ చాక్లెట్ బార్ పక్కన అచ్చేస్తే దాన్ని ఏమనాలి? మన దగ్గర కల్తీ విత్తనం అమ్మేవాడు కూడా ఇదే చేస్తాడు. ప్రదర్శన క్షేత్రంలో పెరిగిన మొక్క ఫొటో వేరు, సంచిలో ఉన్న గింజ వేరు.

అమెరికా ఆహార ఔషధ సంస్థ 2023లో ఈ విషయంలో చాలా జాగ్రత్తగా మాట్లాడింది. ఫ్లేవనాల్స్ కనీసం 4 శాతం ఉండేలా ప్రత్యేకంగా తయారుచేసిన కోకో పొడికి మాత్రమే, అదీ “ఆధారాలు చాలా పరిమితం” అని రాసుకునే షరతు మీద, గుండెకు మేలు అన్న మాట వాడుకోనిచ్చింది. మామూలు కోకో పొడికి, చాక్లెట్లకు ఆ మాట వర్తించదని చెప్పింది.

ఎందుకు వర్తించదో మనకు తెలియంది కాదు. కాయ కొట్టి, గుజ్జుతో గింజ తీసి, ఐదారు రోజులు పులియబెట్టి, తిరగేసి, ఎండలో ఆరబెట్టేది మనమే. పులియబెట్టకపోతే చాక్లెట్ రుచి రాదు. కానీ పులిసేటప్పుడు ఫ్లేవనాల్స్‌లో కొంత పోతుంది. ఫ్యాక్టరీలో వేయించినప్పుడు ఇంకొంత. చేదు తగ్గడానికి, రంగు ముదరడానికి క్షారంతో శుద్ధి చేస్తారు, అప్పుడు మిగిలినదాంట్లో చాలా భాగం పోతుంది. ఇంత జరిగాక మిగిలిన కోకోను తీసుకెళ్లి చక్కెరలో కలుపుతారు. కోకోలో చక్కెర కలిపారని పొరపడకండి. చక్కెరలోనే కోకో కలుపుతారు.

నమ్మకపోతే ఇంట్లో పిల్లల చేతిలో ఉన్న కవరు వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువు ఉందో దాన్ని ముందు రాయాలన్నది చట్టం. మిల్క్ చాక్లెట్ల మీద మొదటి పేరు చక్కెర. పోషకాల పట్టీలో 100 గ్రాములకు చక్కెర ఎంతో చూడండి, సగానికి అటూఇటూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లు రోజు మొత్తం మీద బయట నుంచి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25కి తగ్గిస్తే ఇంకా మంచిది. అంటే వంద గ్రాముల మిల్క్ చాక్లెట్ ఒకటి తింటే ఆ రోజుకు టీలో కూడా పంచదార వేసుకోవడానికి వీల్లేదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ వ్యాధి ఉందని తేల్చింది. మన ఊళ్లలోనూ షుగర్ మాత్ర లేని ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ ఇళ్లలోకి చక్కెరను గుండె మందుగా పంపడం చిన్న తప్పేమీ కాదు.

చెరకు రైతు సోదరులు కోపగించుకోవద్దు. మీ చక్కెరను మేము తిట్టడం లేదు. చక్కెరను చక్కెర అని చెప్పి అమ్మమంటున్నాం.

ఇక చట్టం సంగతి. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం మిల్క్ చాక్లెట్ అనిపించుకోవడానికి కొవ్వు, తేమ తీసేసిన కోకో 2.5 శాతం ఉంటే చాలు. వంద గ్రాములకు రెండున్నర గ్రాములు! ఫ్లేవనాల్స్ ఉండేది ఆ భాగంలోనే. పాలు లేని నల్ల చాక్లెట్‌కైనా 12 శాతమే. మొత్తం కొవ్వు 25 శాతం ఉండాలన్నారు, కోకో బటర్ కాకుండా వేరే నూనె కొవ్వు 5 శాతం దాకా కలుపుకోవచ్చన్నారు. యూరప్‌లో కూడా ఆ 2.5 శాతం నిబంధన ఉంది, నిజమే. కానీ దాని పైన ఇంకో గీత గీశారు. కోకో బటర్‌తో కలిపి మొత్తం కోకో 25 శాతం ఉండాలి, నల్ల చాక్లెట్ అయితే 35 శాతం. మన దగ్గర ఆ రెండో గీత లేదు. ఆ గీత లేకపోవడం ఎవరికి లాభమో మీరే చెప్పండి.

ఒక చిన్న లెక్క వేద్దాం. కిలో ఎండు గింజ వేయించి పొట్టు తీస్తే సుమారు 800 గ్రాముల పప్పు వస్తుంది. అందులో సగానికి పైగా కొవ్వు, అదే కోకో బటర్. కొవ్వు, తేమ పోగా మిగిలేది 350 గ్రాముల దగ్గర. కనీస నిబంధన పట్టుకుంటే ఆ 350 గ్రాములను 14 కిలోల మిల్క్ చాక్లెట్‌కు సర్దవచ్చు. దానికి కావాల్సిన కోకో బటర్ కోసం వేరే గింజ కావాలి, ఆ ఖర్చు కంపెనీకి ఉంది, కాదనం. అది కూడా వద్దనుకున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కాంపౌండ్.

కాంపౌండ్ అంటే కోకో పొడికి చక్కెర, కోకో బటర్ బదులు పామ్ గింజల నూనె లాంటి చౌక కొవ్వు కలిపి చేసేది. చట్ట ప్రకారం దాన్ని చాక్లెట్ అనకూడదు. అందుకే “చాకో” అంటారు, “చాకోలేటీ” అంటారు, రంగు అదే, కవరు మీద బొమ్మ అదే. బిస్కెట్ల పూత, కేకుల పూత, రూపాయి రెండు రూపాయల బిళ్లలు, ఐస్‌క్రీమ్ పైన పెచ్చు చాలావరకు ఇదే. మన తోటలో పైన ఆయిల్ పామ్, కింద కోకో ఉంటాయి. ఫ్యాక్టరీలో ఆ పామ్ కొవ్వే వచ్చి కోకో కొవ్వు కుర్చీలో కూర్చుంటుంది. పోనీ అదైనా మన పామ్ గెలల నుంచి వస్తుందా అంటే, దేశానికి కావాల్సిన పామ్ నూనెలో అత్యధిక భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో దిగేదే. ఒకే తోటలో ఉన్న రెండు పంటల రైతునూ ఒకే కవరులో దెబ్బ తీశారు.

కంపెనీ ఎందుకిలా చేస్తుందో అర్థం చేసుకోవడానికి చదువు అక్కర్లేదు. చక్కెర కిలో నలభై చిల్లర. గింజ 2025లో ఐదొందలు. గింజ ధర పెరిగినప్పుడల్లా కంపెనీ ముందు రెండు పనులు చేస్తుంది. బార్ సైజు తగ్గిస్తుంది, కోకో తగ్గిస్తుంది. గింజ ధర పడినప్పుడు మాత్రం బార్ సైజు తిరిగి పెరగడం మేం చూడలేదు.

చట్టం గట్టిగా ఉంటే ఏమవుతుందో బ్రిటన్‌లో 2025లో కనిపించింది. అక్కడ తరతరాలుగా పేరున్న రెండు చాక్లెట్ బిస్కెట్లలో కోకో ధర భరించలేక కంపెనీ కోకో తగ్గించి వేరే కొవ్వు పెంచింది. అక్కడి చట్టంలో మిల్క్ చాక్లెట్‌కు కోకో కనీసం 20 శాతం ఉండాలి. అంతే, ఆ బిస్కెట్ల మీద “చాక్లెట్” అన్న మాట తీసేసి “చాక్లెట్ రుచి” అని మార్చుకోవాల్సి వచ్చింది. కొనేవాడికి విషయం తెలిసింది. మన దగ్గర అలాంటి మార్పు జరిగితే మనకు తెలిసే దారేది?

2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. తినేవాళ్లకు తగ్గితే మాకు అభ్యంతరం లేదు. కానీ 13 శాతం పన్ను వదులుకున్న ప్రభుత్వం, బదులుగా కంపెనీలను ఒక్కటంటే ఒక్కటి అడిగిందా? గింజకు ధర గ్యారంటీ అడిగిందా? కవరు ముందు కోకో శాతం రాయమందా? నిజమైన నల్ల చాక్లెట్‌కూ, సగం చక్కెర ఉన్న బిళ్లకూ ఒకే పన్ను వేసినప్పుడు ఆరోగ్యం ఏ లెక్కలోకి వచ్చినట్టు?

కవరు ముందు హెచ్చరిక ముద్ర వేయాలని ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. 2022లో వచ్చిన ముసాయిదాలో హెచ్చరిక బదులు నక్షత్రాలు పెట్టారు. సినిమాలకు ఇచ్చినట్టు. సుప్రీంకోర్టు 2025లో ఈ విషయం తేల్చమని గడువు పెట్టాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌వీటా సహా ఇలాంటి పానీయాలను “హెల్త్ డ్రింక్స్” వరుసలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. అసలు మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అన్న మాటకు నిర్వచనమే లేదు. లేని మాటతో ఎన్నేళ్లు ఎన్ని కోట్ల డబ్బాలు అమ్మారో!

మరి చాక్లెట్ తినొద్దా? తినండి. పండించే మనం కూడా తినాలి. మన తోటల్లో కాయ కొట్టే కూలీల్లో తాము తీసిన గింజతో చేసిన అసలైన చాక్లెట్ ఒక్కసారైనా నోట్లో వేసుకున్నవాళ్లు ఎందరున్నారు? కోకో 70 శాతం, ఆపైన రాసి ఉన్నది, మొదటి పదార్థంగా కోకో ఉన్నది చూసి ఒక చిన్న ముక్క, భోజనం తర్వాత నోట్లో పెట్టుకుని కరగనివ్వండి. చేదు ఉంటుంది. మన కాకరకాయ వేపుడు తినేవాళ్లకు అదో లెక్కా? చేదు వెనకే ఒక పుల్లదనం, పండు వాసన వస్తాయి. అది బాగా పులియబెట్టిన గింజ వాసన, అంటే మన పనితనం. పశ్చిమ గోదావరి పేరును కవరు మీద గర్వంగా వేసుకుని అమ్మే చిన్న తయారీదారులు ఇప్పుడు మన రాష్ట్రాల్లోనే వచ్చారు. గింజకు మంచి ధర ఇచ్చి, కోకో శాతం ముందు వైపే రాసేవాళ్లతో మనకు తగువు లేదు. చక్కెర కలపని కోకో పొడి దొరికితే పాలలో ఒక చెంచా, కాస్త బెల్లం వేసుకోండి. అంతేగానీ బీపీ మాత్ర మానేసి చాక్లెట్ తినమని ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్లల విషయంలో మా మాట ఇంకా సూటిగా ఉంటుంది. కోకో రైతులమై ఉండి చెబుతున్నాం, బడికి వెళ్లే పిల్లాడికి రోజూ చాకోలేటీ బిళ్ల కంటే పల్లీ చిక్కీ వెయ్యి రెట్లు నయం. వేరుశనగ రైతు కూడా మనవాడే.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. 2022లో అమెరికాలో ఒక వినియోగదారుల సంస్థ 28 రకాల నల్ల చాక్లెట్లు పరీక్షిస్తే అన్నింట్లోనూ సీసం, కాడ్మియం కనిపించాయి. కాడ్మియం నేల నుంచి చెట్టులోకి వస్తుంది. సీసం మాత్రం ఎక్కువగా కోత తర్వాత, గింజ ఆరేటప్పుడు పడే దుమ్ము నుంచి వస్తుందని చెబుతున్నారు. కాబట్టి తారు రోడ్డు మీద, లారీలు తిరిగే చోట గింజ ఆరబోయడం మానాలి. నేలకు ఎత్తుగా తడికెల మీద ఆరబెట్టడం, తేమ 7 శాతానికి తేవడం మన చేతిలో ఉన్న పని. రేపు మన గింజ శుభ్రమైనదని గొంతెత్తి చెప్పాలంటే ఆ మాట నిజమై ఉండాలి. ఆ కష్టానికి అదనపు ధర అడిగే హక్కు కూడా అప్పుడే గట్టిపడుతుంది.

మార్గం లేదని ఎవరైనా అంటే పక్క రాష్ట్రం చూపించండి. 1980 ప్రాంతంలో కర్ణాటక, కేరళ రైతులకు మనకు వచ్చిన కష్టమే వచ్చింది. కోకో వేయించినవాళ్లు కొనడం ఆపేశారు. అప్పుడు వక్క రైతుల సహకార సంఘం క్యాంప్కో రంగంలోకి దిగి గింజ కొంది. 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. అది ఈనాటికీ నడుస్తోంది. అంత పంట పండించే మన గోదావరి జిల్లాల్లో రైతుల చేతిలో అలాంటి ఫ్యాక్టరీ ఒక్కటి కూడా లేదు. కిలోకు 50 రూపాయల సాయం ఒక సీజన్‌కు ఊరట. ఆ డబ్బు ఏటా కంపెనీల లోటు పూడ్చడానికి పోయే కంటే, ఒక్కసారి సహకార ఫ్యాక్టరీకి పునాది వేయడానికి పెడితే మనం కాదంటామా?

అందుకే మా సంఘం అడిగేవి ధర దగ్గరే ఆగడం లేదు. అంతర్జాతీయ ధరకు ముడిపెట్టి గింజ ధరను వారం వారం ప్రకటించాలి, తేమ పరీక్ష రైతు కళ్లముందు జరగాలి. దీంతోపాటు, చాక్లెట్ అన్న పేరుకు మొత్తం కోకో 25 శాతం తప్పనిసరి చేయాలి. కోకో ఎంత, చక్కెర ఎంత అన్నది కవరు ముందు వైపు, తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో రాయాలి. కాంపౌండ్ కవరు మీద కోకో కాయ బొమ్మ వేయనివ్వకూడదు. ఆ 25 శాతం గీత ఒక్కటి పడినా గింజకు గిరాకీ ఎంత పెరుగుతుందో, తినేవాడి ఒంట్లోకి చక్కెర ఎంత తగ్గుతుందో లెక్క వేసుకోండి.

వచ్చే మండల సమావేశానికి ప్రతి సభ్యుడూ ఇంట్లో పిల్లలు తిని పారేసిన చాక్లెట్ కవర్లు ఐదైనా పట్టుకుని రండి. మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకూ చెప్పండి. మొదట చక్కెర రాసినవి ఎన్ని, కోకో శాతం రాయనివి ఎన్ని, పామ్ కొవ్వు ఉన్నవి ఎన్ని అని అక్కడే విడదీసి లెక్క కడదాం. ఆ కవర్లను వినతిపత్రానికి జతచేసి జిల్లా ఆహార భద్రతా అధికారికి ఇద్దాం. పక్కనే ఒక సంచి ఎండు గింజ కూడా పెడదాం.